నిఘా విభాగంలో మహిళా నాయకత్వం – ఒక పరిశీలన



వార్షికోత్సవ సంచికకు వ్యాసం అడిగినప్పుడు, పోటీ పరీక్షలకు పనికొచ్చేది రాస్తే బాగుంటుందన్నారు. మన పాఠ్యపుస్తకాల్లో పోలీసు శాఖ గురించి ఉంటుంది, సైన్యం గురించి ఉంటుంది. నిఘా విభాగం గురించి మాత్రం ఒకటి రెండు వాక్యాలకు మించి ఉండదు. అందులో ఆడవాళ్ల గురించి అసలే ఉండదు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

2025 సెప్టెంబర్ 13న మావోయిస్టు పార్టీ కేంద్ర కమిటీ సభ్యురాలు పోతుల పద్మావతి అలియాస్ సుజాత హైదరాబాదులో డీజీపీ ఎదుట లొంగిపోయారు. ఆమె నాలుగు దశాబ్దాలకు పైగా అజ్ఞాతంలో ఉన్నారు. ఆమె ఫొటో అన్ని పేపర్లలోనూ వచ్చింది. ఆ రోజుల్లో మావోయిస్టుల కదలికలను గమనించే రాష్ట్ర స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచ్‌కి, అంటే ఎస్‌ఐబీకి, ఐజీగా ఉన్నది కూడా ఒక మహిళే. ఆమె పేరు బి. సుమతి. అడవి వైపు నాయకత్వంలో ఒక మహిళ, ఆ అడవి మీద నిఘా పెట్టిన విభాగానికి అధిపతిగా ఇంకో మహిళ! మన జిల్లా వాళ్లకు ఈ వార్త దూరపుది కాదు. తల్లాడ సెంటర్‌లో ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం బస్సు ఎక్కితే, ఆ దారే ముందుకు సాగి భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల దాకా పోతుంది. ఆ తర్వాత ఛత్తీస్‌గఢ్ సరిహద్దు.

ముందుగా నిఘా అంటే ఏమిటో తెలుసుకుందాం. ఈ వ్యాసం రాస్తున్నానని చెబితే మా పెద్దమ్మ, "అంటే చాడీలు చెప్పే నౌకరా బిడ్డా?" అని అడిగింది. సినిమాలు చూసిన వాళ్లేమో మారువేషాలు, తుపాకులు అనుకుంటారు. రెండూ కావు. నిఘా పనిలో ఎక్కువ భాగం కాగితాల ముందు కూర్చుని చేసేదే. సమాచారం సేకరించాలి, అది నిజమో కాదో వేరే దారిలో సరిచూడాలి, ఇంతకుముందు తెలిసిన వాటితో కలిపి చూడాలి, చివరికి నిర్ణయం తీసుకునే అధికారికి అర్థమయ్యేలా రాసి ఇవ్వాలి. ఉదాహరణకు ఒక సంతలో ఎవరో మలేరియా మందులు మామూలు కంటే ఎక్కువ కొన్నారనుకుందాం. అది దళం కోసం కావచ్చు. ఊళ్లో జ్వరాలు ఎక్కువై ఆశా కార్యకర్త కొనిపించినవీ కావచ్చు. మొదటిదే నిజమని తొందరపడి రాసి ఇస్తే ఒక అమాయకుడి ఇంటి మీదికి పోలీసులు పోతారు. "ఇంతవరకే తెలుసు, దీనికి మించి తెలియదు" అని పై అధికారికి రాసి ఇవ్వగలిగినవాళ్లే ఈ పనికి తగినవాళ్లని నా అభిప్రాయం. అలా రాయడానికి ధైర్యం కావాలి.

మన ఏజెన్సీ ప్రాంతంలో ఈ పనికి ఉన్న బరువు పట్నం వాళ్లకు తెలియదు. "ఇన్‌ఫార్మర్" అన్న ఒక్క మాట పడితే చాలు, మనిషి ప్రాణం పోయేది. ఆ ముద్ర వేసి మావోయిస్టులు చంపినవారిలో నిరుపేద గిరిజనులు ఎందరో ఉన్నారు. ఇంకో పక్క, అన్నం పెట్టారన్న అనుమానంతో పోలీసుల చేతుల్లో దెబ్బలు తిన్నవాళ్లూ ఉన్నారు. కాబట్టి నిఘా అధికారి మొదటి బాధ్యత సమాచారం తెచ్చుకోవడం కాదు, ఇచ్చిన మనిషి పేరు బయటికి పొక్కకుండా చూడటం. ఆ అధికారి ఏ రోజు ఎంత పని చేశారో మనకు తెలియకపోవడానికి కారణం ఇదే. జరగకుండా ఆగిపోయిన ఎదురుకాల్పులు పేపర్లో రావు కదా.

సుమతి గారు ఒక్కసారిగా ఆ కుర్చీలోకి రాలేదు. 2015లో ఆమె మెదక్ జిల్లా ఎస్పీ. ఆ తర్వాత మహిళా భద్రతా విభాగంలో డీఐజీగా చేశారు. షీ టీమ్‌లు, భరోసా కేంద్రాలు చూసే విభాగం అది. భయపడి, సగం చెప్పి సగం మింగేసే ఆడపిల్ల మాట వినడం అక్కడి పని. ఇది నా ఊహే గానీ, నలభై ఏళ్లు అడవిలో ఉన్న మనిషి బయటికి రావాలా వద్దా అని ఊగిసలాడుతుంటే ఆ మాట వినడానికి కావలసిన ఓర్పు కూడా అలాంటిదే అయి ఉంటుంది. 2025 అక్టోబర్‌లో పుల్లూరి ప్రసాదరావు అలియాస్ చంద్రన్న కూడా హైదరాబాదులోనే లొంగిపోయారు. ఈ లొంగుబాట్లకు పార్టీలోని విభేదాలు, అనారోగ్యం, ఛత్తీస్‌గఢ్‌లో పెరిగిన ఒత్తిడి ఇలా చాలా కారణాలు ఉన్నాయి. అదంతా ఒక్క అధికారి ఘనతే అనడం సరికాదు. కానీ లొంగిపోవాలనుకున్నవాళ్లకు నమ్మకం కలిగించడం ఒక పని. అది ఎవరో చేయాలి.

రాష్ట్రం సంగతి ఇది. మరి దేశం సంగతి? ఇంటెలిజెన్స్ బ్యూరో 1887లో మొదలైంది. విదేశీ నిఘా చూసే 'రా' 1968లో ఏర్పడింది. 2025 వరకు ఈ రెండింటికీ మహిళ అధిపతి కాలేదు. దీనికి లెక్క సులువే. ఐబీ డైరెక్టర్‌ను ఐపీఎస్ అధికారుల నుంచే తీసుకుంటారు. ఐపీఎస్‌లోకి మొదటి మహిళ, కిరణ్ బేడీ, వచ్చిందే 1972లో. పై మెట్టు ఎక్కడానికి ముప్పై ఏళ్లకు పైగా సర్వీసు కావాలి. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు బ్యాచ్‌కి ఒకరిద్దరు మహిళలే ఉంటే, చివరి వరుసలో నిలబడేది ఎందరు?

బయటి దేశాల్లో కూడా ఈ తలుపు ఊరికే తెరుచుకోలేదు. ఒకరి కథ కాస్త వివరంగా చెబుతాను. ఎందుకంటే అది మొదలైంది మన ఢిల్లీలోనే.

స్టెల్లా రిమింగ్టన్ 1935లో లండన్‌లో పుట్టారు. ఇంగ్లీషు సాహిత్యం చదివి, పాత రికార్డులు భద్రపరిచే ఆర్కైవిస్టుగా పనిచేశారు. 1965లో భర్తకు ఢిల్లీలోని బ్రిటిష్ హైకమిషన్‌కు బదిలీ అయితే ఉద్యోగం వదులుకుని ఆయన వెంట వచ్చారు. 1967లో అక్కడ బ్రిటన్ అంతర్గత నిఘా సంస్థ ఎమ్‌ఐ5 తరఫున పనిచేసే అధికారి, ఆఫీసు పనిలో సాయం చేస్తారా అని అడిగారు. అంటే పార్ట్ టైమ్ గుమాస్తా పని. 1969లో లండన్ వెళ్లి పూర్తికాలం ఉద్యోగిగా చేరారు. అక్కడ మగవాళ్లు ఆఫీసర్లు, డిగ్రీ ఉన్నా ఆడవాళ్లు అసిస్టెంట్లు! ఫైళ్లు సర్దడం, కాగితాలు చూడటం వాళ్ల పని. సమాచారం ఇచ్చే మనుషులతో నేరుగా వ్యవహరించే పని ఆడవాళ్లకు ఇచ్చేవారు కాదు, అవతలివాళ్లు ఆడవాళ్లను నమ్మరన్నది వాదన. తమకంటే తక్కువ అర్హతతో మగవాళ్లు ఆఫీసర్లుగా చేరుతుంటే ఆమె, తోటి మహిళలు ప్రశ్నించారు. 1970లలో ఆ నియమం సడలింది. ఇద్దరు ఆడపిల్లలను పెంచుతూ, గూఢచర్యం, విద్రోహం, ఉగ్రవాదం చూసే మూడు శాఖల్లోనూ పనిచేసి 1992లో డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆ పదవిలో మొదటి మహిళ ఆమే. నియామకం నాడే ప్రభుత్వం పేరు ప్రకటించిన మొదటి అధిపతి కూడా ఆమే. దానికి చెల్లించిన మూల్యం ఏమిటంటే, పత్రికలవాళ్లు ఇల్లు కనిపెట్టడంతో కుటుంబం ఇల్లు మారవలసి వచ్చింది. 1993లో తమ సంస్థ ఏం చేస్తుందో చెప్పే చిన్న పుస్తకం విడుదల చేసి కెమెరాల ముందు నిలబడ్డారు. 1996లో రిటైరై, 2025 ఆగస్టులో కన్నుమూశారు. అమెరికా సీఐఏకి 2018లో జీనా హాస్పెల్, బ్రిటన్ ఎమ్‌ఐ6కి 2025లో బ్లెయిజ్ మెట్రవెలి మొదటి మహిళా అధిపతులయ్యారు.

ఈ విభాగాన్ని పొగడటమే పనిగా పెట్టుకోలేదు. మన ఎస్‌ఐబీలోనే ఫోన్ల ట్యాపింగ్ జరిగిందన్న ఆరోపణలపై 2024 మార్చిలో హైదరాబాదు పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో కేసు నమోదైంది. రహస్యం అన్న మాట వెనుక ఎవరి ఫోనైనా వినొచ్చనుకుంటే అది నిఘా కాదు, నేరం. ఎవరు పడితే వాళ్లు వినకూడదనీ, హోం కార్యదర్శి స్థాయి అధికారి రాతపూర్వక ఉత్తర్వు ఉండాలనీ, దాన్ని సమీక్షించే కమిటీ ఉండాలనీ సుప్రీంకోర్టు 1996లో పీయూసీఎల్ కేసులో చెప్పింది. 2017లో పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. పాలిటీ పేపర్‌కి ఈ రెండు తీర్పులూ తప్పక చదవండి, ప్రశ్న రాకపోయినా చదవండి.

ఇక ఈ పనిలోకి వెళ్లే దారులు. సివిల్స్ రాసి ఐపీఎస్ కావచ్చు. గ్రూప్-1లో డీఎస్పీగా చేరినవాళ్లకు పదోన్నతి మీద ఐపీఎస్ వచ్చే అవకాశం ఉంది. ఎస్సై, కానిస్టేబుల్‌గా చేరినవాళ్లను కూడా ఇంటెలిజెన్స్ విభాగానికి తీసుకుంటారు. ఐబీ నేరుగా తీసుకునే అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ ఉద్యోగానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. సెక్యూరిటీ అసిస్టెంట్‌కు పదో తరగతి చాలు, స్థానిక భాష రావాలి. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటిదాన్ని నేను. ఇలాంటి నోటిఫికేషన్లు ఉంటాయని డిగ్రీ రెండో ఏడు దాకా నాకు చెప్పినవాళ్లే లేరు. అందుకే పేర్లు పూర్తిగా రాశాను, నోట్‌బుక్‌లో ఎక్కించుకోండి.

ఇంకొక సంగతి. ఏన్కూరు, జూలూరుపాడు వైపు నుంచి వచ్చిన పిల్లల్లో ఇంట్లో కోయ మాట్లాడేవాళ్లు కొందరున్నారు. అప్లికేషన్‌లో "తెలిసిన భాషలు" అన్నచోట తెలుగు, హిందీ, ఇంగ్లీషు రాసి ఊరుకుంటారు. నాలుగోది కూడా రాయండి.

– ఒక పూర్వ విద్యార్థిని, ఎం.ఏ. (రాజనీతి శాస్త్రం)