అల్లరా, ఏడీహెచ్‌డీయా?

ప్రశ్న: మా బాబుకు ఐదున్నరేళ్లు. యూకేజీ చదువుతున్నాడు. ఒక్కచోట కుదురుగా కూర్చోడు, చెప్పేది పూర్తిగా వినడు, ఆటలో తన వంతు వచ్చేదాకా ఆగడు. ఏడీహెచ్‌డీ ఉందేమో చూపించమని టీచర్ అంటున్నారు. ఫోన్ ఇస్తే మాత్రం గంటసేపు కదలడు. ‘వీళ్ల నాన్న చిన్నప్పుడు ఇంతకంటే అల్లరి’ అని మా అత్తగారు కొట్టిపారేస్తున్నారు. తలకు స్కానింగ్ తీయిస్తే తెలుస్తుందా? మందులు వాడాలా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఏడీహెచ్‌డీ (ధ్యాస లోపం, అతి చురుకుదనం) స్కానింగ్‌లోనో రక్తపరీక్షలోనో బయటపడే సమస్య కాదమ్మా. బాబు రోజూ ఎలా ఉంటున్నాడో ఇంట్లోవాళ్లూ, బడిలోవాళ్లూ వివరంగా చెబితేనే తేలుతుంది. అందుకే తొందరపడి పేరు పెట్టకూడదు, అలాగని టీచర్ మాటను తీసిపారేయనూ కూడదు.

ప్రపంచమంతా డాక్టర్లు ఎక్కువగా వాడే డీఎస్‌ఎం-5 ప్రమాణాల్లో ధ్యాస నిలవకపోవడానికి 9 లక్షణాలు, అతి చురుకుదనం, తొందరపాటులకు మరో 9 లక్షణాలు ఉన్నాయి. పిల్లల్లో ఈ రెండింటిలో ఏదో ఒకదాంట్లో కనీసం 6 ఉండాలి. అవి 6 నెలలకు పైగా సాగాలి, 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. ఇల్లు, బడి లాంటి రెండు చోట్లయినా కనిపించాలి. చదువుకో, స్నేహాలకో నిజంగా అడ్డుపడుతూ ఉండాలి. బడిలోనే అల్లరి చేసి ఇంట్లో, చుట్టాలింట్లో బాగానే ఉంటే కారణాన్ని ముందు ఆ తరగతి గదిలోనే వెతకాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఆ ప్రవర్తన వయసుకు మించి ఉందా అన్నది. ఐదేళ్ల పిల్లలు గెంతడం మామూలే. మీ బాబు తరగతిలో అందరికంటే చిన్నవాడేమో చూడండి. ఆ వయసులో పది నెలల తేడా చాలా పెద్దది. తరగతిలో వయసు తక్కువున్న పిల్లలకే ఈ ముద్ర ఎక్కువగా పడుతోందని చాలా దేశాల్లో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి.

ఫోన్ ముందు కదలకుండా కూర్చున్నంత మాత్రాన ఏడీహెచ్‌డీ లేదని చెప్పలేం. తెర మీద క్షణక్షణం కొత్తది వస్తుంది కాబట్టి ధ్యాస దానంతటదే అతుక్కుంటుంది. అక్షరాలు దిద్దేటప్పుడు, అన్నం తినేటప్పుడు, కథ వినేటప్పుడు ఎంతసేపు నిలుస్తుందో గమనించండి. ఇక మీ అత్తగారి మాట డాక్టరుకు తప్పక చెప్పండి. ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం పాత్ర చాలా ఎక్కువ. నెలలు నిండకుండా పుట్టినా, తక్కువ బరువుతో పుట్టినా అదీ చెప్పండి.

అచ్చం ఇలాగే కనిపించే ఇతర సమస్యలు కొన్ని ఉన్నాయి. తరచూ జలుబు చేసి చెవిలో నీరు చేరితే సరిగ్గా వినపడక, చెప్పింది వినడంలేదని అనిపిస్తుంది. ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ పెరిగి రాత్రి గురకపెట్టే పిల్లలు నిద్ర చాలక పగలు చిరాగ్గా, నిలకడ లేకుండా ఉంటారు. ఐరన్ లోపం, చూపు లోపం, మాటలు ఆలస్యంగా రావడం, ఆటిజం, ఇంట్లో గొడవల వల్ల కలిగే భయం కూడా ఇలాగే కనిపించవచ్చు. కొన్ని సెకన్లపాటు శూన్యంలోకి చూస్తూ, పిలిచినా, తట్టినా పలకకపోతే అది ఒకరకం ఫిట్స్ కావచ్చు. ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) అవసరమయ్యేది అలాంటప్పుడే.

ముందుగా పిల్లల డాక్టరును కలిసి వినికిడి, చూపు, ఎదుగుదల పరీక్షలు చేయించండి. తర్వాత డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్, చైల్డ్ సైకియాట్రిస్ట్ లేదా క్లినికల్ సైకాలజిస్ట్ పూర్తిగా పరిశీలిస్తారు. ప్రభుత్వ వైద్యం కావాలంటే పిల్లల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే కింద నడిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాన్ని (డైక్) అడగండి. మీకూ, టీచరుకూ విడివిడిగా ప్రశ్నావళి ఇస్తారు. మన దేశంలో 6 నుంచి 9 ఏళ్ల పిల్లల కోసం తయారైన ఐఎన్‌డీటీ-ఏడీహెచ్‌డీ అనే ప్రశ్నావళి కూడా ఉంది. వీటిలో మార్కులు ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు ఖాయమైనట్టు కాదు. కొత్త చోట పావుగంట బుద్ధిగా కూర్చున్నంత మాత్రాన లేనట్టూ కాదు.

మందుల గురించి ఇప్పుడే బెంగ వద్దు. ఆరేళ్లలోపు పిల్లలకు మొదటి చికిత్స తల్లిదండ్రులకిచ్చే శిక్షణే. దగ్గరికెళ్లి, కళ్లలోకి చూస్తూ ఒకసారి ఒక్క పనే చెప్పడం, చేసిన వెంటనే ఏం బాగా చేశాడో చెప్పి మెచ్చుకోవడం, నిద్ర, ఆట, తిండి వేళలు మార్చకపోవడం అందులో నేర్పిస్తారు. వీటిని ఈరోజు నుంచే మొదలుపెట్టవచ్చు. కొట్టడం వల్ల ఉపయోగం లేదు. శిక్షణతో చాలినంత మార్పు రాక, ఇబ్బంది తీవ్రంగా ఉంటేనే నిపుణులు మందుల గురించి ఆలోచిస్తారు.

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. అల్లరి అసలు లేదు. కానీ పరధ్యానం, రోజూ ఏదో ఒకటి పోగొట్టుకొస్తుంది, లెక్క సగంలో వదిలేస్తుంది. ఇదీ ఏడీహెచ్‌డీ అవుతుందా?
– ఒక తండ్రి, ఏలూరు

జవాబు: కావచ్చు. అతి చురుకుదనం లేకుండా ధ్యాస లోపం మాత్రమే ఉండే రకం ఉంది. ఆడపిల్లల్లో ఇది తరచూ కనిపిస్తుంది. ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి ఆలస్యంగా బయటపడుతుంది, ఈలోగా ‘బద్ధకం’ అనే పేరు వస్తుంది. చదవడంలోనో, లెక్కల్లోనో అభ్యసన లోపం విడిగా ఉన్నా, ఏడీహెచ్‌డీతో కలిసి ఉన్నా పాప ఇలాగే వెనకబడవచ్చు. అందుకని రెండింటికీ కలిపి పరీక్ష చేయించండి. వెళ్లేటప్పుడు గత రెండేళ్ల ప్రోగ్రెస్ కార్డులు, క్లాస్‌వర్క్ నోట్‌బుక్కులు, టీచర్ రాసిచ్చిన అభిప్రాయం తీసుకెళ్లండి.