పత్తిని ఎవరేమని పిలిచారు

మా నాన్న వరంగల్ నుంచి సూరత్ వచ్చి లింబాయత్‌లో మరమగ్గం నడిపాడు. నేను ఈ సూరత్‌లోనే వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మనవరాలు అదే చదువుతోంది. వర్గీకరణ అంటే బట్టీపట్టే పేర్ల పట్టిక అనుకుంటోంది. తన కోసం ఈ నాలుగు ముక్కలు. ఉదాహరణలన్నీ పత్తి నుంచే. పద్మశాలి ఇంట పుట్టి ఇంకో మొక్క దాకా పోవడమెందుకు?

1. పేరు వినగానే, అది పెట్టినవాడు మొక్కలో ఏ భాగం చూశాడో అడుగు బిడ్డా.

వ్యాపారికి ఆకుతో, పువ్వుతో పనిలేదు. పింజ ఎంత పొడుగు, చెత్త ఎంత, ఏ రేవులో ఓడ ఎక్కింది, అంతే. కృష్ణా, గుంటూరు వైపు పండిన ఎర్రఛాయ పత్తి కాకినాడ పేరుతో ‘కోకనాడాస్’ అయింది. కర్నూలు, బళ్లారి పత్తులు ‘నార్తర్న్స్’, ‘వెస్టర్న్స్’ అయ్యాయి.

సూరత్‌కు దక్కింది ఇంకా చేదు. ఇంగ్లండు బజారులో మన దేశపు పొట్టిపింజ పత్తినంతా కలిపి ‘సూరత్స్’ అనేవాళ్లు. 1861-65 అంతర్యుద్ధంతో అమెరికా పత్తి రావడం తగ్గిపోయి, లాంకషైర్ మిల్లులు దీని మీదే ఆధారపడ్డాయి. దారం మాటిమాటికీ తెగేది. దారం తెగితే నేత సాగదు, నేత సాగకపోతే కూలి రాదు. అక్కడి పనివాళ్లకు సూరత్ అన్న మాటే తిట్టయింది. భరూచ్, సూరత్ నల్లరేగళ్ల పత్తి దేశంలో మెరుగైన రకాల్లో ఒకటన్న సంగతి వాళ్లకెవరు చెప్తారు? మగ్గం మీద కూర్చున్నవాళ్ల కోపం మాత్రం నాకు అర్థమవుతుంది.

2. పుస్తకంలో అచ్చయింది కదా అని లెక్క తేలిపోయిందనుకోకు.

లిన్నేయస్ 1753లో మన దేశవాళీ పత్తులు రెండింటికీ గాసీపియం అర్బోరియం, గాసీపియం హెర్బేసియం అని పేర్లు ఖాయం చేశాడు. లాటిన్ ప్రకారం మొదటిది చెట్టు. మన పొలాల్లో అది ఏటా విత్తి ఏరుకునే పైరే! అయినా మార్చడానికి లేదు, ముందు పెట్టిన పేరుదే హక్కు. ఆ తర్వాత పార్లతోరే 1866లో పత్తి జాతులు 7 అన్నాడు. తొదారో 1877లో 54 అన్నాడు. జార్జ్ వాట్ 1907లో 29కి దించాడు. ముగ్గురూ పండితులే. పూరేకు రంగు, గింజ మీది నూగు, ఆకు చీలిక, ఇలా కనబడ్డ తేడాకల్లా ఒక జాతి అంటే లెక్క ఎక్కడ ఆగుతుంది?

3. కంటికి తేలనిది సూక్ష్మదర్శిని కింద తేలింది.

1920ల్లో క్రోమోజోములు లెక్కపెట్టారు. ఆసియా పత్తులకు 26, సాగులో ఉన్న అమెరికా పత్తులకు 52. దేశీ రకం, అమెరికా రకం పక్కపక్కనే పెరిగినా సంకరం ఎందుకు నిలవదో అప్పుడు తెలిసింది. ఇండోర్‌లో పనిచేసిన హచిన్సన్, ఇంకో ఇద్దరితో కలిసి 1947లో అచ్చువేసిన పుస్తకంతో సాగు పత్తులు నాలుగు జాతులన్న లెక్క కుదిరింది.

4. ఈ చదువు అన్నం కూడా పెడుతుంది.

మన ఊరి పత్తి పరిశోధన కేంద్రంలో సి.టి. పటేల్ తయారుచేసిన హైబ్రిడ్-4, 1970లో రైతులకందింది. ప్రపంచంలో వాణిజ్యపరంగా సాగైన మొదటి పత్తి హైబ్రిడ్ అదే. తల్లి గుజరాత్-67, తండ్రి అమెరికన్ నెక్టరీలెస్. రెండూ అమెరికా పత్తి అయిన హిర్సుటమ్ జాతివే కాబట్టి సంకరానికి అడ్డు లేకపోయింది. కష్టమంతా చేతులది. రేపు విచ్చుకోబోయే మొగ్గలో కేసరాలను ఈ సాయంత్రమే గిల్లేయాలి, తెల్లారాక తండ్రి పువ్వు పుప్పొడి అద్దాలి, అదీ మొగ్గమొగ్గకూ. తర్వాతి కాలంలో గద్వాల, నంద్యాల వైపు సీడ్ పత్తి రైతులు ‘క్రాసింగ్’ అన్నది ఈ పనినే. దానికి చిన్న ఆడపిల్లల్ని బడి మాన్పించి దించారు. మీ పాఠ్యపుస్తకంలో ఆ పేరా ఉండదు.

5. ఊరివాళ్లు చెప్పిన పేరు కూడా రాసుకో.

1780ల్లో సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ రాసుకున్నాడు. 1795 నుంచి వెలువడిన ఆయన కోరమాండల్ మొక్కల సంపుటాల్లో లాటిన్ పేర్లతో పాటు తెలుగు పేర్లూ ఉన్నాయి. పొందూరులో వాలుగ చేప దవడతో దూది దువ్వే ఆడవాళ్లు కొండపత్తి అనీ, పునాసపత్తి అనీ వేరు చేస్తారు. ఎక్కడ పండింది, ఎప్పుడు విత్తారు అన్నది ఆ పేర్లలోనే ఉంది. హెర్బేరియం షీటు మీద తేదీ, చోటు రాస్తావు కదా, దాని కిందే ఈ పేరూ, చెప్పినవాళ్లు ఏ పని చేసేవాళ్లో కూడా రాయి.

6. దేశీ పత్తి రెండు జాతులనూ పక్కపక్కన చూసే వీలు దొరికితే పేరు పలకలు చదవకు.

పువ్వును చుట్టుకుని ఉండే మూడు పచ్చటి పొరలను చూడు. పొడుగ్గా ఉండి, పువ్వును దగ్గరగా హత్తుకుని, అంచుకు పళ్లు లేకుండానో మూడు నాలుగు పళ్లతోనో ఉంటే అర్బోరియం. వెడల్పుగా బయటికి విచ్చుకుని, ఆరు నుంచి ఎనిమిది పళ్లుంటే హెర్బేసియం. ఆకును చూసి తేల్చేయకు, అది మోసం చేస్తుంది.