మూసిన కమానులు
పాఠభాగము: 1 పేతురు 2:4–10

ఇంగ్లండులోని యార్క్‌షైరునందు వారమ్ పెర్సీ అను పాడుపడిన గ్రామము కలదు. పాత ఇండ్లు పచ్చిక క్రింద దిబ్బలైనవి. సెయింట్ మార్టిన్ ఆంగ్లికన్ దేవాలయము పైకప్పు లేక నిలిచియున్నది.

దాని గోడలే సంఘచరిత్రను తెలుపును. జనము పెరిగినప్పుడు, 12వ శతాబ్దమున దక్షిణమునను, తరువాత ఉత్తరమునను ప్రక్కసాలలు చేర్చి, నడుమ కమానులు కట్టిరి. పిమ్మట భూస్వాములు గొఱ్ఱెల మేతకొరకు రైతులను వెళ్లగొట్టగా, సుమారు 1500 నాటికి ఊరు ఖాళీ ఆయెను. జనము తగ్గగా ప్రక్కసాలలను పడగొట్టి, కమానులను రాళ్లతో మూసిరి. అవి నేటికిని గోడలో కనబడుచున్నవి.

అయినను ఆరాధన ఆగలేదు. పొరుగున నున్న థిక్సెండేల్ వారికి 1870 వరకు ఇదే దేవాలయము. అప్పుడు వారి ఊరనే క్రొత్త దేవాలయము లేచెను. 1959లో ఇచ్చటి గోపురము కొంత కూలెను.

ప్రియులారా, పేతురు విశ్వాసులను సజీవమైన రాళ్లతో పోల్చెను. మనము గుడికి సున్నము వేయుటకు చందా ఇత్తుము, అది మంచిదే. కూలికై వలసపోయిన కుటుంబమునకు కబురంపితిమా? ఆదివారమున ఖాళీగానున్న చోటు ఎవరిదని అడిగితిమా? ఆ చోటు మూతపడక మునుపే వారిని వెదకుదము.