నాపరాయి దగ్గర నేర్చుకున్నవి

రాళ్ల వెంట తిరగాలని ఉబలాటపడే పిల్లలకు, కర్నూలు, కడప సీమల్లో తిరిగి నేను తెలుసుకున్నవి చెబుతున్నాను.

1. రంగును నమ్మొద్దు. నలుపు, నీలిబూడిద, లేత గోధుమ అన్నీ సున్నపురాయిలో ఉంటాయి. నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వెయ్యండి. బుసబుసమని నురగ వస్తే సున్నపురాయే. వేంపల్లె వైపు దొరికే డోలమైట్ రాయి మీద అదే చుక్క దాదాపు కదలకుండా ఉంటుంది. మేకుతో గీకి, రాలిన పొడి మీద వేస్తే అప్పుడు మెల్లగా పొంగుతుంది.

2. ప్రతి సున్నపురాయిలోనూ గవ్వల కోసం వెతక్కండి. గవ్వలు, పగడాలు పేరుకుని సున్నపురాయి అయిందని బడిలో చెబుతారు. చాలాచోట్ల అది నిజమే. కానీ నాపబండలిచ్చే మన నార్జి సున్నపురాయి గవ్వల జీవులు పుట్టకముందుది. మరి సున్నం ఎక్కడిది? వాన నీరు నేలమీది రాళ్లను కరిగించి కాల్షియాన్ని నదుల్లో కలిపింది, నదులు సముద్రానికి చేర్చాయి. లోతు తక్కువైన వెచ్చని నీళ్లలో సూక్ష్మజీవులు కార్బన్ డయాక్సైడును లాగేసుకుంటే, నీటికి ఇక సున్నాన్ని కరిగించి ఉంచుకునే శక్తి తగ్గింది. అది మెత్తటి బురదగా అడుగున దిగింది. పైన బరువు పెరిగేకొద్దీ నీరు పిండుకుపోయి, రేణువుల సందుల్లో కాల్సైట్ పట్టి గట్టిపడింది. అలాంటి సూక్ష్మజీవుల ఆనవాళ్లు చూడాలంటే ఇంకా పాతదైన వేంపల్లె డోలమైట్ దగ్గరికి వెళ్లండి. అడ్డంగా కోసిన ఉల్లిపాయలా పొర మీద పొరగా కనిపించేవి స్ట్రొమటోలైట్లు. నాకు వాటిని మించిన శిలాజం లేదు.

3. నాపరాయి గనిలో బండ లేపేవాళ్ల చేతులు గమనించండి. అంచున సన్నని గీత చూసుకుని ఉలి పెడతారు, సుత్తితో వరసగా తేలికగా కొడతారు, చివర గునపంతో ఎత్తితే బండ పలకగా లేస్తుంది. ఆ గీత సన్నని బంకమన్ను పొర. సున్నం బాగా పేరుకోవాలంటే నీరు తేటగా ఉండాలి. నది మన్ను తెచ్చినప్పుడల్లా అక్కడ ఒక గీత పడింది. మీ వసారాలో పరిచిన నాపబండ ముఖం ఒకనాటి సముద్రపు అడుగు.

4. కర్నూలు రాతిపొరల ఈ వరస కంఠతా పెట్టండి, కింది నుంచి పైకి: బనగానపల్లె క్వార్ట్జైట్, నార్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్జైట్, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. క్వార్ట్జైట్ అంటే ఒడ్డు ఇసుక, షేల్ అంటే బురద, సున్నపురాయి అంటే తేటనీరు. సముద్రం మారిన తీరంతా ఈ ఆరు పేర్లలో ఉంది. 1872లో విలియం కింగ్ ఈ కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథమే రాశాడు. మన ఊళ్ల పేర్లు భూగర్భశాస్త్రంలో నిలవడం నాకు ఎంతో గర్వం.

5. రాయిగా మారినా సున్నం కథ ఆగదు. బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి 100 కిలోల శుద్ధమైన సున్నపురాయి 44 కిలోల కార్బన్ డయాక్సైడును గాలిలోకి వదిలేస్తుంది, మిగిలేది 56 కిలోల పొడిసున్నం.

6. మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకున్న వాననీరు ఈ రాయిని మళ్లీ కరిగిస్తుంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు అలా 3,229 మీటర్ల పొడవున తొలిచినవే. ఆ నీరే గుహ కప్పు నుంచి కారుతూ ఆ వాయువును వదిలేసినప్పుడు సున్నం తిరిగి పట్టి ఊడల్లాంటివి వేలాడతాయి. వాటిని ముట్టుకోవద్దు. చర్మపు జిడ్డు అంటితే అక్కడ కొత్త పొర సరిగా పట్టదు. చిన్నపిల్లలను తీసుకెళ్లేటప్పుడు లోపలికి దిగకముందే ఈ మాట చెప్పండి.