ప్రమాదమున దెబ్బతిన్న నేతపనివారికి నష్టపరిహారము: కొరాపుట్, రాయగడ జిల్లాల సభ్యులకు ఒక పాఠము

2017 జనవరి 21వ తేది రాత్రి జగదల్‌పూరు నుండి భువనేశ్వరు పోవు హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్సు రాయగడ దాటిన పిమ్మట కూనేరు స్టేషనువద్ద పట్టాలు తప్పినది. సుమారు నలభైమంది మరణించిరి. 2023 అక్టోబరు 29న విశాఖపట్నము–రాయగడ పాసింజరు, కంటకాపల్లి అలమండల నడుమ, ముందు పోవుచున్న పలాస పాసింజరును వెనుకనుండి కొట్టగా 14 మంది చనిపోయిరి. నూలు కొనుటకు, బట్ట అమ్ముటకు, చుట్టాల యిండ్లకు మనవారు ఎక్కునది ఈ దారిలో నడచు బండ్లే.

కూనేరు ప్రమాదము జరిగిన మరునాడు రైల్వే మంత్రి మృతుల కుటుంబములకు తలకు రెండు లక్షల రూపాయలు ప్రకటించెను. పత్రికలలో కనబడినది ఈ మొత్తమే గనుక పరిహారమనగా ఇంతేనని అనుకొనువారు కలరు. అది పరిహారము కాదు. ప్రభుత్వము దయతో ఇచ్చునది ఒకటి, చట్టము మనకు హక్కుగా ఇచ్చునది మరొకటి. మొదటిది పుచ్చుకొన్నంతమాత్రమున రెండవది పోదు. 1989 నాటి రైల్వే చట్టము 124వ సెక్షను క్రింద, బండ్లు ఢీకొన్నను పట్టాలు తప్పినను, రైల్వేవారి తప్పున్నదా లేదా అను విచారణతో పనిలేకుండ ప్రయాణికునికి పరిహారము చెల్లవలెను. మరణమునకు, రెండుచేతులు పోయినవంటి ఘోరమైన అంగవైకల్యమునకు ఈ మొత్తము పూర్వము నాలుగు లక్షలు. 2017 జనవరి 1 నుండి ఎనిమిది లక్షలు. కూనేరు ప్రమాదము ఆ మార్పునకు ఇరువది దినముల తరువాతిది. అనగా ఆ రాత్రి చనిపోయిన ప్రయాణికుని కుటుంబమునకు హక్కు ఎనిమిది లక్షలకు.

అయితే ఆ సొమ్ము ఇంటికి నడచిరాదు. రైల్వే క్లెయిమ్సు ట్రిబ్యునలులో దరఖాస్తు పెట్టవలెను. ఒడిషాకు బెంచి భువనేశ్వరులో కలదు. గడువు ప్రమాదదినము నుండి ఒక సంవత్సరము. ఆలస్యమునకు తగిన కారణము చూపినచో ట్రిబ్యునలు మన్నింపవచ్చును గాని, మన్నింపు మీద ఆశ పెట్టుకొని కూర్చొనుట వివేకము కాదు. టిక్కెట్టు పోయినదని కొందరు మొదటనే చేతులెత్తివేయుదురు. శవమువద్ద టిక్కెట్టు దొరకనంతమాత్రమున అతడు ప్రయాణికుడు కాడనరాదని సుప్రీంకోర్టు 2018లో చెప్పినది. కుటుంబమువారు ప్రమాణపత్రము దాఖలుచేసి ఆధారములు చూపినచో, కాదని రుజువు చేయవలసిన భారము రైల్వేపై పడును.

ఇప్పుడు మూలమునకు వత్తము. ఒకరి అజాగ్రత్తవల్ల మరొకరి దేహమునకు హాని కలిగినచో దానిని న్యాయశాస్త్రము అపకృత్యమనును. ఇంగ్లీషువారి మాట టార్టు. అవతలివాడు జాగ్రత్త వహింపవలసిన బాధ్యత కలవాడని, ఆ బాధ్యత తప్పెనని, ఆ తప్పువల్లనే మనకు నష్టము కలిగెనని మనము చూపవలెను. మామూలు దావాలో ఈ మూడింటిలో ఏది జారినను కేసు జారును. పైన చెప్పిన రైలు ప్రమాదమువంటి కొన్ని సంగతులలో మాత్రము చట్టమే ఈ బరువును మన భుజముల మీదినుండి దించినది.

కరెంటు తీగ సంగతి మధ్యస్థము. వానకు తెగి నేలపై పడిన తీగ తగిలి మనిషి చనిపోయినచో, ఎవరో దొంగతీగ లాగిరి, మా తప్పు లేదు అని విద్యుత్ సంస్థ తప్పించుకొనజాలదని మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పినది. ప్రమాదకరమైన వస్తువును నడుపువాడు దాని ఫలితమును భరింపవలె ననునది సూత్రము. ఇది వినుటకు బాగున్నది. కాని ఎక్కడికి పోవలెనను దగ్గర ఒడిషావారే దెబ్బతినిరి. గ్రిడ్ కార్పొరేషన్ ఆఫ్ ఒరిస్సా మీద కొన్ని కుటుంబములవారు తిన్నగా కటకములోని హైకోర్టులో రిట్టు వేసి పరిహారము పొందగా, సుప్రీంకోర్టు 1999లోను, మరల 2005లోను ఆ ఉత్తర్వులను త్రోసివేసినది. తీగ ఎట్లు తెగెను, ఎవరి అజాగ్రత్త అను విషయములు వివాదములో ఉన్నప్పుడు సాక్ష్యము పుచ్చుకొను సివిల్ కోర్టుకే పోవలెనని చెప్పినది. దగ్గరిదారి అనుకొన్నది చుట్టుదారి అయినది. కావున ఇట్టి మరణము సంభవించినచో పోలీసు రిపోర్టు, శవపరీక్ష, విద్యుత్ ఇన్‌స్పెక్టరు విచారణ నకలు, తెగిన తీగ ఫోటో, చూచిన ఇద్దరు ముగ్గురి పేర్లు ఆ వారములోనే సమకూర్చుకొనవలెను. 1855 నాటి మారణప్రమాదముల చట్టము క్రింద దావాకు గడువు మరణదినము నుండి రెండేండ్లు. కోర్టుఫీజు కట్టలేనివారు పాపరుగా దావా వేయుటకు సివిల్ ప్రొసీజరు కోడులో వీలు కలదు.

మనవారికి ఎక్కువగా తటస్థపడునది రోడ్డు ప్రమాదము. ఈ జిల్లాల ఘాటుదారుల సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఇందులో వైద్యుడు వ్రాయు శాతమునకు, నేతపని నష్టమునకు గల తేడా మనవారిలో చాలమందికి తెలియదు. గుంటమగ్గము నేయు మనిషి గుంటలో కాళ్లు దించి కూర్చొని, తొక్కుడు కర్రలను ఒకదాని తరువాత ఒకటిగా రోజంతయు తొక్కవలెను. ఒక కాలు మోకాటి క్రింద చెడినచో ఆస్పత్రివారు నలభై శాతము వైకల్యమని సర్టిఫికెట్టు ఇత్తురనుకొందము. బీమా కంపెనీ వకీలు ఆదాయనష్టము కూడ నలభై శాతమే అనును. అది సరికాదు. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతినే విప్పిచెప్పినది. ఎడమచేయి పోయిన డ్రైవరుకో వడ్రంగికో సంపాదన నూటికి నూరుపాళ్లు పోవచ్చును; అదే చేయి పోయిన గుమాస్తాకు ఉద్యోగము నిలువవచ్చును. కావున చూడవలసినది దేహములో ఎంత పోయినదని కాదు, ఆ వృత్తిలో సంపాదించు శక్తి ఎంత పోయినదని.

లెక్క వేసి చూతము. వయస్సు 38, నెలకు సంపాదన 9,000 రూపాయలు అనుకొందము. ఏడాదికి 1,08,000. స్వంతముగా సంపాదించుకొను, నలువదేండ్లు నిండని మనిషికి భవిష్యత్తు వృద్ధి క్రింద నూటికి నలభై కలుపవలెనని 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పు. ఇది మరణించినవారికే కాక అంగవైకల్యము పొందినవారికిని వర్తించునని 2020లో సుప్రీంకోర్టు చెప్పినది. మొత్తము 1,51,200. 36 మొదలు 40 ఏండ్లవారికి హెచ్చించు సంఖ్య, 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారము, 15. నష్టము నలభై శాతమని ఒప్పుకొన్నచో 9,07,200 రూపాయలు. అతడు ఇక మగ్గమెక్కలేడు, కండెలు చుట్టుకొనుటవంటి పనులే మిగిలినవని చూపి ఎనభై శాతము రుజువు చేసినచో 18,14,400. వైద్యపు ఖర్చులు, బాధకు ఇచ్చునది ఇవిగాక వేరు. ఒక్క సాక్ష్యము మీద తొమ్మిది లక్షల తేడా! కాబట్టి వైద్యుని సర్టిఫికెట్టు దాఖలుచేసి ఊరకుండక, సాక్షిగా పిలిపింపవలెను. మగ్గము ఎట్లు పనిచేయునో తెలిసిన తోటి నేతపనివానిని గూడ పిలిపింపవలెను. మగ్గము చూడని జడ్జీకి తొక్కుడు కర్రల సంగతి ఎవరు చెప్పుదురు? మేము ఎరిగినంతలో ఈ సాక్ష్యము ఇప్పించువారు అరుదు.

సంపాదన రుజువు మరొక చిక్కు. సొసైటీ కూలిపుస్తకము, నేతకార్మికుల గుర్తింపుకార్డు, నూలు తీసుకొన్న చీటీలు, బ్యాంకు పాసుబుక్కు భద్రముగ ఉంచుకొనవలెను. షావుకారు నోటిలెక్క కోర్టులో నిలువదు. ఇంటి ఆడవారు కండెలు చుట్టి, పడుగు తోడి చేయు పనికి విలువ లేదనుకొనరాదు. ఆమెకు దెబ్బ తగిలినచో ఆ పనియు ఇంటిపనియు రెండును లెక్కలోనికి వచ్చును.

సంతకు పోవువారు ఒక సంగతి గుర్తెరుగవలెను. సరుకులబండిలో ఊరక ఎక్కిన ప్రయాణికునికి బీమా కంపెనీ బాధ్యత లేదు. బండి యజమాని మీదనే పడును, అతనివద్ద ఏమియు లేకపోవచ్చును. కాని తన సరుకుతో కూడ పోవు సొంతదారునికి బీమా వర్తించును. బట్టల మూటతో పోవు నేతపనివాడు ఆ సొంతదారుడే. అయినను మూటలపైన కాక క్యాబినులో కూర్చొనవలెనని 2007లో ఆంధ్రదేశపు ఒక కేసులో సుప్రీంకోర్టు అభిప్రాయపడినది. స్థలము లేనిచో బస్సుకు పొండు.

ప్రమాదము జరిగిన రెండవనాడే బండి యజమాని తరఫువారు పెద్దమనుష్యులను వెంటబెట్టుకొని ఇరువదివేలో ముప్పదివేలో చేతబెట్టి కాగితము మీద సంతకము అడుగుట పరిపాటి. ఆస్పత్రి ఖర్చుకు సొమ్ము పుచ్చుకొనవచ్చును. ఇక ఏ హక్కును లేదను వాక్యము మీద సంతకము చేయరాదు. ఆ కాగితము ఒడియాలో ఉన్నచో, చదువ నేర్చినవారిచేత చదివించుకొనక వ్రేలిముద్ర వేయరాదు. ఎఫ్.ఐ.ఆర్. నకలు అడిగి తీసుకొనుట మన హక్కు. విశాఖపట్నములో వైద్యము చేయించుకొన్నను ఆ బిల్లులు చెల్లును.

బండి నంబరు తెలిసినచో 1988 నాటి మోటారువాహనముల చట్టము 164వ సెక్షను క్రింద, తప్పు రుజువుతో పనిలేక, మరణమునకు ఐదు లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు కోరవచ్చును. పూర్తి నష్టము కావలెనన్నచో తప్పు చూపి 166వ సెక్షను క్రింద పోవలెను. గుద్ది పారిపోయిన బండి జాడ తెలియనిచో మరణమునకు రెండు లక్షలు, తీవ్రగాయమునకు ఏబదివేలు. ఈ మొత్తములు 2022 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినవి. 166 క్రింది దరఖాస్తుకు అదే దినము నుండి ఆరునెలల గడువు పెట్టిరి. దానిని సుప్రీంకోర్టులో సవాలు చేసినవారున్నారు. అయినను మీరు ఆరునెలలలోపలనే వేయుడు.

మిల్లులోనో అద్దకపు కార్ఖానాలోనో జీతమునకు పనిచేయువారికి 1923 నాటి కార్మిక పరిహార చట్టము ఉండెడిది. 2025 నవంబరు 21 నుండి దాని స్థానమున సామాజిక భద్రతా స్మృతి అమలగుచున్నది. పనిలో తగిలిన దెబ్బకు యజమాని పరిహారమీయవలెనను సూత్రము అట్లే నిలిచినది. ఇంటిమగ్గము మీద షావుకారు నూలు నేయువానికి మాత్రము, అతడు ఉద్యోగియా కాడా యన్నదే మొదటి తగవగును. దానిని వేరొక సంచికలో చూతము.

రోడ్డు ప్రమాదపు దరఖాస్తును ప్రమాదము జరిగినచోటగాని, మనము నివసించుచోటగాని వేయవచ్చును. రాయగడ జిల్లావారికి జిల్లా జడ్జీ కోర్టు రాయగడలోను, కొరాపుట్ జిల్లావారికి జయపురములోను ఉన్నవి. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు తెగలవారికి, అంగవైకల్యము గలవారికి, స్వల్పాదాయము గలవారికి 1987 నాటి చట్టము క్రింద జిల్లా న్యాయసేవా సంస్థ ఉచితముగా వకీలును ఇచ్చును. లోక్ అదాలతులో రాజీ త్వరగా కుదురును గాని, అక్కడి తీర్పు మీద అప్పీలు లేదు. కావున పైన చూపిన లెక్కను ఒక కాగితముపై వేసి చేతబట్టుకొని పోయి, ఆ అంకెకు ఎంత దగ్గరగా వచ్చినారో చూచుకొన్న పిమ్మటనే తల ఊపవలెను.