తక్కువ డబ్బుతో వాద్య శబ్దాలు కొనడం ఎలా?

కంప్యూటర్‌లో పాట కట్టేవారికి శాంపిల్ లైబ్రరీ అవసరం. నిజమైన వాద్యంపై ఒక్కో స్వరాన్ని మెల్లగా, గట్టిగా వాయించి రికార్డు చేసిన శబ్దాల సంపుటే అది. మనలాంటి వారికి వెయ్యి రూపాయలూ చిన్న మొత్తం కాదు. కాబట్టి ముందు ఉచితమైనవి వాడుకుందాం. సాలమాండర్ గ్రాండ్ పియానోలో యమహా సీ5 పియానో శబ్దం 16 స్థాయిల్లో ఉంది. దాన్ని స్ఫోర్జాండో అనే ఉచిత ప్లేయర్‌లో వాయించుకోవచ్చు.

కొనే ముందు మూడు సంగతులు చూడాలి:

1. అది ఉచిత కాంటాక్ట్ ప్లేయర్‌లో పనిచేస్తుందా, డబ్బు పెట్టి పూర్తి కాంటాక్ట్ కూడా కొనాలా?

2. మన కంప్యూటర్ ర్యామ్, డిస్కు సరిపోతాయా?

3. నచ్చకపోతే వేరొకరికి అమ్ముకోవచ్చా? చాలా లైసెన్సులు ఒప్పుకోవు.

తొందరపడకుండా నవంబరు చివర వచ్చే బ్లాక్ ఫ్రైడే తగ్గింపుల దాకా ఆగుదాం. దొంగ కాపీల జోలికి పోవద్దు. రేపు మన పాటకు నాలుగు డబ్బులొస్తే, దానిపై హక్కు మనకు నిక్కచ్చిగా ఉండాలి కదా!