వాద్యము లేని బృందగానము

ప్రశ్న: కర్ణాటక సంగీతము నేర్చి, అమెరికాలో చదువుచు, కళాశాల అకపెల్లా బృందమున చేరితిని. పోటీకి సిద్ధమగుచున్నాము, పాట నడుమ అందఱి శ్రుతియు జారుచున్నది. ఏమి చేయవలెను?

జవాబు: 1909లో యేల్ విశ్వవిద్యాలయమున విఫెన్‌పూఫ్స్ బృందము వెలసిన నాటినుండి అమెరికా కళాశాలలలో వేళ్లూనిన ఈ గానపద్ధతిలో, తంబురా వంటి నిరంతరాధారము లేకపోవుటచేత, గాయకులందఱు కలసి రవ్వంత దిగినను ఆ దిగుడు ఎవరి చెవికిని తట్టదు, పాట ముగిసినపిమ్మట పిచ్ పైపు ఊది చూచినపుడుగాని తెలియరాదు. స్వరము తఱచుగా జారునది అవరోహణలందును, దీర్ఘస్వరముల చివర ఊపిరి సన్నగిలినచోటను. కనుక ఒకే భాగము పాడువారు ఒక్కమాఱే శ్వాస తీయక, ఒకరి తరువాత నొకరు, పదము నడుమనే మెల్లగా తీసికొనుట అభ్యసింపుడు. మంద్రస్థాయివారిని మధ్య నిలిపి, తక్కినవారు వారి ఆధారస్వరమును వినుచు పాడుడు.

మీ శ్రుతిజ్ఞానము బృందమునకు పెన్నిధియే. అయితే గమకములను మీరొక్కరే పాడు భాగమునకు దాచుకొనుడు. నలుగురు కూడి నిలుపు స్వరమున ఒక్కరి కంపితమైనను సామరస్యమును చెఱచును.

1996లో మొదలైన అంతర్జాతీయ కళాశాల అకపెల్లా పోటీకే వెళ్లుచున్నచో, న్యాయనిర్ణేతలు గానముతోపాటు రంగస్థలచలనమును కూడ గణింతురు. కావున అడుగులు వేయుచు పాడుట నేటినుండియే మొదలిడుడు.